ఇంగ్లీషులో తికమక మాటలు – 4వ పాఠం: తెలుగులో ఒక్కటే, ఇంగ్లీషులో రెండు

ముందు కిందటి పాఠం లెక్క తేల్చుకుందాం. ‘అడ్వైస్’, ‘అడ్వైజ్’ అభ్యాసంలో కాలు జారే చోటు మూడో వాక్యం: ‘డాక్టరుగారు రెండు సలహాలు ఇచ్చారు’. దీనికి ‘టూ అడ్వైసెస్’ అని రాస్తే తప్పు. తెలుగులో సలహాలను లెక్కపెడతాం. ఇంగ్లీషులో అది నీళ్లలాంటిది, లెక్కకు రాదు. ‘టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. మిగతావన్నీ ఒకే సూత్రం మీద నడుస్తాయి: చివర సి ఉంటే పేరు, ఎస్ ఉంటే పని.

ఆ జంట స్పెల్లింగు గొడవ. ఈ పాఠంలోవి వేరే రకం. ఇక్కడ తికమక ఇంగ్లీషులో లేదు, మన తెలుగులో ఉంది. తెలుగులో ఒక్క మాట చేసే పనిని ఇంగ్లీషు రెండు మూడు మాటలకు పంచిపెట్టింది. మనకు తెలుగు మాట ముందు తోస్తుంది, దాని పక్కన మొదట నేర్చుకున్న ఇంగ్లీషు మాట వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ఇంగ్లీషు అర్థాలు బట్టీపట్టి లాభం లేదు. తెలుగు వాక్యాన్నే ఒక ప్రశ్న అడగాలి.

పద్ధతి ఇది. రూళ్ల నోటుబుక్కులో ఎడమ పేజీ తెలుగుకు, కుడి పేజీ ఇంగ్లీషుకు ఉంచండి. రోజుకు ఆరు వాక్యాలు చాలు. ఎడమ పేజీలో మీ ఇంట్లో, షాపులో, బస్సులో నిజంగా అనే వాక్యం రాసి, చిక్కుమాట కింద గీత గీయండి. కింద చెప్పిన ప్రశ్న వేసుకుని, అప్పుడు కుడి పేజీకి రండి. రాశాక రెండుసార్లు పైకి చదవండి. చాలామంది సూత్రాలను మాత్రం అందంగా రాసుకుని వాక్యాల దగ్గర ఆగిపోతారు. సూత్రం నోటుబుక్కులోనే ఉండిపోతుంది, నోట్లోకి రాదు.

నుంచి

అన్నిటికన్నా మొండిది ఇదే. మన వైపు ‘నుంచి’ అన్నా, ‘కాడి నుంచి’ అన్నా, ‘మూడ్రోజుల బట్టి’ అన్నా చిక్కు ఒకటే. ‘మూడు రోజుల నుంచి వాన’, ‘సోమవారం నుంచి వాన’ – తెలుగులో రెండూ ఒకే అచ్చు. ఇంగ్లీషులో మొదటిది ‘ఫర్ త్రీ డేస్’, రెండోది ‘సిన్స్ మండే’. మనవాళ్లు రెండిటికీ ‘సిన్స్’ వేస్తారు.

పుస్తకాల్లో ‘కాలవ్యవధికి ఫర్, కాలబిందువుకు సిన్స్’ అని ఉంటుంది. సరైనదే, కానీ మాట్లాడేటప్పుడు వ్యవధి, బిందువు అని ఎవరు ఆలోచిస్తారు? అంతకన్నా దగ్గరి దారి తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘మూడు రోజులుగా వాన’ – అతికింది, కాబట్టి ‘ఫర్’. ‘సోమవారంగా వాన’ – అతకలేదు, కాబట్టి ‘సిన్స్’. ‘రెండేళ్లుగా’, ‘చాలాకాలంగా’, ‘అరగంటగా’ అన్నీ అతుకుతాయి, అన్నీ ‘ఫర్’. ‘పొద్దుటిగా’, ‘చిన్నప్పటిగా’, ‘పెళ్లయినప్పటిగా’ నోరు తిరగదు, అన్నీ ‘సిన్స్’. ‘గత వారం నుంచి’ అనేది కాస్త తిరకాసు. ‘గత వారం రోజులుగా’ అనే ఉద్దేశం ఉంటే ‘ఫర్ ద పాస్ట్ వీక్’. ఫలానా గత వారంలో మొదలైందని చెప్పాలంటే ‘సిన్స్ లాస్ట్ వీక్’.

‘గా’ పరీక్ష దాటినా సగం పనే అయినట్టు. మిగతా సగం క్రియలో ఉంది. తెలుగులో ‘ఉంటున్నాం’ అంటాం కాబట్టి ‘వుయ్ ఆర్ లివింగ్ ఇన్ రాజాం సిన్స్ 2018’ అని రాసేస్తాం. అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ఇంగ్లీషులో ‘హావ్ బీన్’ కావాలి: ‘వుయ్ హావ్ బీన్ లివింగ్ ఇన్ రాజాం సిన్స్ 2018’. మన జిల్లాల పుట్టుకతోనే సాధన చేయొచ్చు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ‘విజయనగరం హాజ్ బీన్ ఎ డిస్ట్రిక్ట్ సిన్స్ 1979’. అదే వాక్యాన్ని ‘ఫర్ మోర్ దన్ ఫార్టీ ఇయర్స్’ అనీ ముగించొచ్చు. ఒకే నిజాన్ని రెండు రకాలుగా రాస్తే తేడా చేతికి అలవాటవుతుంది.

ఇక మూడో ‘నుంచి’. ‘సోమవారం నుంచి సెలవులు’ అన్నప్పుడు ఆ సోమవారం ఇంకా రాలేదు. రాబోయే రోజుకు ‘సిన్స్’ ఎప్పుడూ పనికిరాదు. ‘హాలిడేస్ ఫ్రమ్ మండే’ అనాలి. ‘పది నుంచి ఐదు దాకా’ అని రెండో కొస కూడా ఉంటే అక్కడా ‘ఫ్రమ్ టెన్ టు ఫైవ్’. ‘రెండేళ్ల కిందట’ అంటే ‘టూ ఇయర్స్ అగో’. ‘బిఫోర్ టూ ఇయర్స్’ కాదు.

అందరూ ‘సిన్స్ టూ ఇయర్స్’ అంటుంటే తప్పెలా అవుతుందని అడగొచ్చు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన గిడుగు రామమూర్తిగారి గడ్డ మీద ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు రెండు ముక్కలు. మన దేశపు ఇంగ్లీషులో స్థిరపడిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘ప్రీపోన్’ నిఘంటువులకే ఎక్కింది. ‘అవుట్ ఆఫ్ స్టేషన్’ అంటే ఇక్కడ అందరికీ అర్థమవుతుంది. వాటిమీద కత్తి కట్టనక్కర్లేదు. ‘సిన్స్ టూ ఇయర్స్’ కూడా ఇంట్లో, బజార్లో నడుస్తుంది, కానీ పోటీపరీక్షలో తప్పు వెతకమనే ప్రశ్నకు అదే ఎర. ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ల చెవికి తగిలేదీ అదే.

బదులు

ఇక్కడ మాత్రం తప్పు దొర్లితే అర్థమే తలకిందులవుతుంది. ‘బదులిచ్చాను’, ‘బదులు తీసుకున్నాను’. తెలుగులో బదులు, చేబదులు, అప్పు ఏ మాట వాడినా అది కదలదు. వస్తువు ఎటు వెళ్లిందో పక్కనున్న ‘ఇచ్చు’, ‘తీసుకొను’ చెబుతాయి. ఇంగ్లీషులో ఆ దిక్కు మాటలోనే ఉంది. ఇవ్వడం ‘లెండ్’, తీసుకోవడం ‘బారో’. అందుకే ‘కెన్ యూ బారో మీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్?’ అంటే వినేవాడు తికమకపడతాడు.

అడిగేటప్పుడు రెండు దారులున్నాయి. ‘మీరు’తో మొదలుపెడితే ‘కెన్ యూ లెండ్ మీ...’. ‘నేను’తో మొదలుపెడితే ‘కెన్ ఐ బారో...’. వాక్యంలో కర్త ఎవరో చూస్తే మాట దానంతటదే తేలుతుంది. వెంట వచ్చే చిన్నమాటలు కూడా దిక్కును బట్టే: ‘లెండ్ టు’, ‘బారో ఫ్రమ్’. గతకాలంలో ‘లెంట్’, ‘బారోడ్’. రెండోదాన్ని ‘బారోవెడ్’ అని పలకొద్దు.

తిరిగి ఇచ్చే వస్తువుకే ‘బారో’. డబ్బు కట్టి వాడుకుంటే ‘హైర్’ లేదా ‘రెంట్’: పెళ్లికి షామియానా తెస్తే అది ‘బారో’ కాదు. అక్కడికక్కడే వాడి వదిలేస్తే ‘యూజ్’. మీ బాత్రూమ్ ‘బారో’ చేయొచ్చా అంటే ఎత్తుకుపోతారేమో అనుకోవాలి!

చెప్పు

ఈ ఒక్క క్రియ ఇంగ్లీషులో ‘సే’, ‘టెల్’, ‘టీచ్’ మూడింటినీ మోస్తుంది. ముందు తేలికది: పాఠం చెప్పడం ‘టీచ్’. ‘సార్ టోల్డ్ లెసన్’ అనకూడదు. విజయనగరం మహారాజా కళాశాలలో గురజాడ అప్పారావుగారు పాఠాలు చెప్పారు అంటే ‘గురజాడ టాట్ ఎట్ మహారాజాస్ కాలేజ్’.

‘సే’, ‘టెల్’ మధ్య తేల్చే ప్రశ్న: ‘ఎవరికి?’ వాక్యంలో ‘నాకు, అమ్మకి, వాళ్లకి’ ఉంటే ‘టెల్’. ఆ మనిషి మాట ‘టెల్’ పక్కనే రావాలి, మధ్యలో ఏమీ దూరకూడదు. ‘హీ టోల్డ్ మీ’. మన ‘నాకు’లోని ‘కు’ ఇంగ్లీషులో ‘టు’ అయి దూరడం వల్ల ‘హీ టోల్డ్ టు మీ’ పుడుతుంది. ‘ఎవరికి’ లేకపోతే ‘సే’: ‘హీ సెడ్ ద బస్ వాజ్ లేట్’. ‘సే’తో మనిషిని తేవాలంటే మాత్రం ‘టు’ తప్పనిసరి: ‘హీ సెడ్ టు మీ’. కాబట్టి ‘హీ సెడ్ మీ’, ‘హీ టోల్డ్ టు మీ’ రెండూ అద్దంలో బొమ్మల్లాంటి తప్పులు. ఒకదానికి కావలసిన ‘టు’ రెండోదానికి వెళ్లిపోయింది.

ఈ ప్రశ్నకు లొంగనివి కొన్నున్నాయి, బట్టీపట్టక తప్పదు. అబద్ధం, నిజం, కథ, టైమ్ – ఇవి ‘ఎవరికి’ లేకపోయినా ‘టెల్’తోనే వెళతాయి. సారీ, థ్యాంక్స్, గుడ్‌బై ఎప్పుడూ ‘సే’తోనే.

పలుకు దగ్గర జాగ్రత్త. స్పెల్లింగు చూసి ‘సెయిడ్’, ‘సేస్’ అంటుంటారు. అవి ‘సెడ్’, ‘సెజ్’. అన్నట్టు, ఇంట్లోంచి బయల్దేరుతూ మనం చెప్పే ‘వస్తాను’ను ‘ఐ విల్ కమ్’ అని మార్చకండి. మనకు అది మర్యాద, ఇంగ్లీషువాళ్లకు మాత్రం ఎప్పుడు వస్తారని అడగాల్సిన వార్త.

పోయింది, తప్పిపోయింది

రైలు తప్పిపోతుంది, తిరునాళ్లలో పిల్లాడూ తప్పిపోతాడు. అందుకే ఆమదాలవలసలో దిగాక పర్సు కనబడకపోతే ‘ఐ మిస్డ్ మై పర్స్’ అని ఫిర్యాదు రాసేస్తారు. రైలుకు, బస్సుకు, అవకాశానికే ఆ ‘మిస్’. పర్సుకు ‘ఐ లాస్ట్ మై పర్స్’, లేదా ‘మై పర్స్ ఈజ్ మిస్సింగ్’. ‘ఐ మిస్డ్ మై పర్స్’ అంటే ఆ పర్సు లేక బెంగపడ్డానని ధ్వనిస్తుంది.

దీని పక్కనే ఇంకో గుంట. పోగొట్టుకోవడం అనే ‘లూజ్’లో ఒకే ఓ ఉంది: ఎల్, ఓ, ఎస్, ఇ. వదులు అనే మాటలో రెండు: ఎల్, ఓ, ఓ, ఎస్, ఇ. మనం ‘నట్టు లూజైంది’ అని తెలుగులో ఎప్పుడో కలిపేసుకున్నాం, అక్కడే చెవి పాడైంది. ఇంగ్లీషులో వదులు అనే మాట ‘లూస్’, చివర మన స లాంటి శబ్దం. పోగొట్టుకోవడంలోనే ‘జ్’ ఉంది, అదీ తుమ్మెద రొదలాంటి ‘జ్’. గొంతు మీద వేలు పెట్టి పలకండి. చివరి శబ్దానికి గొంతు అదిరితే పోగొట్టుకోవడం, అదరకపోతే వదులు. ‘లాస్’ పేరు మాత్రమే, నష్టం. ‘ఐ లాస్డ్’ అనే మాట లేదు.

పెట్టు, ఉంచు

ఇక్కడ తెలుగే మేలు, రెండూ మన దగ్గరున్నాయి. చేత్తో పెట్టే క్షణం ‘పుట్’, అక్కడే ఉండనివ్వడం ‘కీప్’. ‘సంచి బల్ల మీద పెట్టు’కి ‘కీప్ ద బ్యాగ్ ఆన్ ద టేబుల్’ అంటే సంచి ఎప్పటికీ బల్ల మీదే ఉండాలన్నట్టు. ‘చిల్లర ఉంచుకోండి’ అన్నప్పుడు ‘కీప్ ద చేంజ్’ సరిగ్గా సరిపోతుంది.

అభ్యాసం. చిక్కుమాట కింద గీత గీసి, ప్రశ్న వేసుకుని ఇంగ్లీషులో రాయండి. జవాబులు వచ్చే పాఠం మొదట్లో ఉంటాయి. అందులో ‘అఫెక్ట్’, ‘ఎఫెక్ట్’ సంగతి చూద్దాం.

1. మూడు రోజుల నుంచి నాగావళిలో నీరు పెరుగుతోంది.
2. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పటి నుంచి ఉద్దానంలో మా కొబ్బరితోట కాపు తగ్గింది.
3. వచ్చే సోమవారం నుంచి దుకాణం పదింటికి తెరుస్తాం.
4. సిరిమాను చూడ్డానికి విజయనగరం వస్తానని మావయ్య అమ్మకి చెప్పాడు. (‘అమ్మకి’ తీసేసి మరోసారి రాయండి.)
5. అక్క దగ్గర గొడుగు బదులు తీసుకున్నాను. (అదే సంగతిని ‘అక్క’ కర్తగా తిరగరాయండి.)
6. జీడిపప్పు డబ్బా పై అరలో పెట్టు, పండగ దాకా అక్కడే ఉంచు.
7. టికెట్టు పోయింది, దాన్ని వెతుకుతుంటే రైలు తప్పిపోయింది.
8. పిల్లాడి చెప్పు వదులుగా ఉంది, దారిలో పోగొట్టుకుంటాడు.

ఎనిమిదోదాన్ని రాసి ఊరుకోకుండా, వేలు గొంతు మీద పెట్టుకుని పైకి చదవండి.