వానలు పడకముందే: కోళ్లు, గేదెలు ఉన్న ఇంట్లో పసిపిల్లల జాగ్రత్తలు

ఎండాకాలంలో కోళ్లూ మేకలూ బయటే తిరుగుతాయి. చినుకు పడితే అవన్నీ వసారాలోకి చేరతాయి. అదే వసారాలో ఏడాది నిండని బిడ్డ పాకుతుంటాడు. ఇంట్లో పశువులు ఉండటం తప్పు కాదు. ఇంటి పాలు, ఇంటి గుడ్డు బిడ్డకు బలం. అవి తిరిగే నేలా బిడ్డ పాకే నేలా ఒకటే అయితేనే చిక్కు.

పాకే బిడ్డను కాసేపు గమనించండి. నేల మీద ఆనించిన చెయ్యే నోట్లోకి పోతుంది. కోడి పొడిచి వదిలేసిన మెతుకు, పక్కనే రెట్ట ఉన్నా, ఏరుకుని తింటాడు. ఆ రెట్టలో క్యాంపిలోబ్యాక్టర్, సాల్మొనెల్లా లాంటి క్రిములు ఉండొచ్చు. కోడి హుషారుగానే ఉంటుంది కాబట్టి మనకు అనుమానం రాదు. విరేచనాలైతే మందు వేస్తాం. కానీ క్రిములు రోజూ కొద్దికొద్దిగా లోపలికి పోతుంటే, విరేచనాలు లేకుండానే పేగు లోపలి పొర దెబ్బతినొచ్చు. అప్పుడు తిన్నది ఒంటబట్టదు. ‘తింటున్నాడు గానీ ఎదగట్లేదు’ అని దిష్టి తీసే ముందు నేలను ఒకసారి చూడండి, అంగన్‌వాడీలో బరువూ ఎత్తూ చూపించండి.

కోళ్లగూడు ఇప్పుడే కట్టేయండి. ఇంటి గోడకు దూరంగా, నేలకు కాస్త ఎత్తులో, పైన రేకు ఉంటే చాలు. రాత్రిళ్లు గదిలోనే ఓ మూల గంప కింద కోళ్లను కమ్మే అలవాటు ఉంటే, పసిబిడ్డ ఉన్నన్నాళ్లూ మానాల్సిందే. పగలు గుమ్మానికి తడిక అడ్డం పెట్టండి. బిడ్డ ఆడే చోట చాప పరిచి, దాన్ని తరచూ కడిగి ఎండబెట్టండి. పేడతో అలకడం మనకు ఆనవాయితీయే, అయినా బిడ్డ పాకే చోట మాత్రం వద్దు. బొడ్డు మీద పేడ, బూడిద అసలే రాయొద్దు, ధనుర్వాతం రావచ్చు.

పేడ ఎత్తినా, పాలు పితికినా సబ్బుతో చేతులు కడిగాకే బిడ్డకు అన్నం కలపాలి. కొట్టంలో వేసుకున్న చెప్పులు గడప బయటే విడవాలి. గుమ్మపాలు బలమని పెద్దవాళ్లు పట్టించబోతే నచ్చజెప్పండి: పచ్చిపాలతో బ్రూసెల్లోసిస్ (పశువుల నుంచి సోకే జ్వరం), క్షయ రావచ్చు. పొంగు వచ్చేదాకా కాచాలి. పారుకుంటున్న దూడ దగ్గరికి పిల్లల్ని పోనివ్వొద్దు.

కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతుంటే వండుకోవద్దు, పశువైద్యుడికి చెప్పండి. 2025 మార్చిలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప బర్డ్ ఫ్లూతో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఇంటివాళ్లు చెప్పారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత ఇంకెవరికీ రాకూడదు. కోడిని కోసే చోట పిల్లలు ఉండకూడదు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇప్పుడే ఆశా కార్యకర్తను అడిగి తెచ్చిపెట్టుకోండి. విరేచనాలు పట్టుకుంటే తల్లిపాలు ఆపొద్దు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్, విరేచనాలు తగ్గినా సరే 14 రోజులు వేయాలి. మలంలో రక్తం పడినా, కళ్లు గుంటలు పడినా, బిడ్డ మత్తుగా ఉండి తాగలేకపోయినా తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ చేయండి.