వీడియోలో కనిపించే వైరును పెయింట్ టూల్స్‌తో ఎలా తీసేయాలి?

నటుడిని గాల్లోకి లేపిన వైరు, ఫ్రేములోకి తొంగిచూసిన మైకు, గోడ మీద అక్కర్లేని మరక. కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో (వేర్వేరు దృశ్యాలను ఒకే షాట్‌గా కలిపేది) పెయింట్ టూల్స్ ఉన్నది ఇలాంటివి తీసేయడానికే. కొత్తలో నేను నేరుగా మొదటి ఫ్రేము తెరిచి బ్రష్ అందుకున్నాను. సెకనుకు 24 ఫ్రేములు, 5 సెకన్ల షాట్ అంటే 120. అన్నీ ఒక్కొక్కటిగా చేత్తో తుడిచి ప్లే చేశాను. వైరు పోయింది గానీ, అది ఉన్న చోట గోడ కుతకుతలాడుతోంది! ప్రతి ఫ్రేములోనూ చెయ్యి కాస్త తేడాగా పడింది మరి. వీలైనంత తక్కువ పెయింట్ చేయడమే ఈ పనిలో కిటుకు.

ముందు షాట్‌ను తిప్పితిప్పి చూడండి. కెమెరా కదులుతోందా? వైరు వెనక ఉన్నది ఏదైనా ఒక ఫ్రేములో అడ్డం లేకుండా కనిపిస్తోందా? కనిపిస్తే సగం పని అయినట్టే.

ఇప్పుడు టూల్ తెరవండి. న్యూక్ అనే కంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నోడ్ గ్రాఫ్ (పని దశలను నోడ్లు అనే డబ్బాలుగా కలిపే చోటు) మీద పి కీ నొక్కితే రోటోపెయింట్ నోడ్ వస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో అయితే లేయర్ మీద డబుల్ క్లిక్ చేసి లేయర్ ప్యానెల్‌లోకి వెళ్లాలి. కంపోజిషన్ ప్యానెల్‌లో ఎంత రుద్దినా బ్రష్ గీయదు.

గీసే ముందే ఆ గీత ఎన్ని ఫ్రేములు ఉండాలో చెప్పాలి. ఈ సెట్టింగ్‌ను న్యూక్‌లో లైఫ్‌టైమ్ అనీ, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో డ్యూరేషన్ అనీ అంటారు. న్యూక్ మామూలుగా ఒక్క ఫ్రేముకే గీస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కాన్‌స్టంట్ ఉంటే, గీసిన చోటి నుంచి లేయర్ చివరిదాకా ఉండిపోతుంది. ఇది చూసుకోకపోతే తర్వాత టెన్షన్ తప్పదు.

తర్వాత అసలు పని. అన్నిటికంటే స్పష్టంగా ఉన్న ఒక్క ఫ్రేమును ఎంచుకుని, క్లోన్ టూల్‌తో (ఒక చోటి పిక్సెళ్లను కాపీ చేసి ఇంకో చోట పూసేది) అందులో మాత్రమే వైరును చెరపండి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేసిన చోటి నుంచి పిక్సెళ్లు వస్తాయి. బ్రష్ అంచు మెత్తగా, గీతలు పొట్టిగా ఉండాలి. వెలుతురు ఒకేలా ఉన్న చోటి నుంచే తెచ్చుకోండి. అలాగని ఒకే చోటి నుంచి పదేపదే తెస్తే అదే మచ్చ పక్కపక్కనే రెండుసార్లు పడుతుంది. చూసేవాళ్ల కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

శుభ్రం చేసిన ఆ ఫ్రేమును ఫ్రేమ్ హోల్డ్‌తో ఆపి, ట్రాకర్‌తో (కదలికను ఫ్రేము ఫ్రేముకూ పసిగట్టే టూల్) కెమెరా కదలికకు అంటించండి. వైరు ఉన్నంత మేరకే సన్నని మాస్కు గీసి, అందులోంచి మాత్రమే అది కనిపించేలా చేయండి. నటుడు ఆ చోటికి ముందు నుంచి వెళ్తుంటే, అతన్ని రోటో చేసి, అంటే అతని ఆకారం చుట్టూ గీసి విడదీసి, మళ్లీ పైన పెట్టాలి. ఇంకా మిగిలిన ముక్కలుంటే అప్పుడు ఒక్కో ఫ్రేముకు చేత్తో గీయండి. వైరు నీడను మర్చిపోకండి, నేను మర్చిపోయాను.

ఆపిన ఫ్రేములో గ్రెయిన్ (చిత్రంలో కదిలే సన్నని రవ్వ) కూడా ఆగిపోతుంది. చుట్టూ సన్నగా కదులుతుంటే ఆ పట్టీ మాత్రం ఫోటోలా నిలబడి ఉంటుంది. అందుకే ముందు డీనాయిజ్ చేసి, అంటే గ్రెయిన్ తీసేసి, పెయింట్ అయ్యాక గ్రెయిన్ తిరిగి కలపాలి.

ఇక గామాను (మధ్యస్థ వెలుతురును మార్చే సెట్టింగ్) పెంచీ తగ్గించీ అతుకులు వెతకండి. ఆ తర్వాత అసలు ఫుటేజ్‌నూ మీ పనినీ మార్చిమార్చి చూడండి. వైరూ దాని నీడా తప్ప ఇంకేమైనా మారితే మాస్కు పెద్దదైందన్నమాట.