వీఎస్ కోడ్‌లో తెలుగు ఫైలు ఈడ్చుకుంటూ నడుస్తుంటే

కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో కనిపించే లక్షణం ఇది. జావాస్క్రిప్ట్ ఫైలు హాయిగా స్క్రోల్ అవుతుంది. తెలుగు అనువాదాలున్న జేసన్ ఫైలు తెరిస్తే మాత్రం తెర జెర్కులు ఇస్తుంది, కీ నొక్కిన కాసేపటికి గానీ అక్షరం పడదు. బెంగళూరు ఆఫీసుల్లో దీనికి ముందుగా వినిపించే సలహా ర్యామ్ పెంచమని. చాలాసార్లు అది దండగ ఖర్చే. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. రంగులు వేయడం, అక్షరాలు కూర్చడం, గీయడం అన్నీ ఆలోపే అయిపోవాలి. వీటిలో ఎక్కడ ఆలస్యమవుతోందో ముందు తేల్చుకోవాలి.

మారతహళ్లి పీజీలో కూర్చుని ఆఫీసు మెషీన్‌ను రిమోట్ డెస్క్‌టాప్‌లో వాడుతున్నారా? అయితే ఎడిటర్‌ను అనుమానించే ముందు, లాప్‌టాప్‌లోని వీఎస్ కోడ్‌ను ఆఫీసు మెషీన్‌కు కలిపే రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్‌తో అదే ఫైలు తెరవండి. అప్పుడు అక్షరాలు గీసే పని మీ లాప్‌టాప్‌ మీదే జరుగుతుంది. జెర్కులు పోతే తప్పు రిమోట్ డెస్క్‌టాప్‌ది.

పోకపోతే హెల్ప్ మెనూలో టాగుల్ డెవలపర్ టూల్స్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో రికార్డ్ నొక్కి, ఐదు సెకన్లు స్క్రోల్ చేసి ఆపండి. పసుపు ఎక్కువగా కనిపిస్తే స్క్రిప్టుల పని. ఊదా అయితే లేఅవుట్, అక్షరాల కూర్పు అందులోదే. ఆకుపచ్చ అయితే పెయింటింగ్.

పసుపు ఎక్కువైతే కంట్రోల్ కె నొక్కి, వదిలి, ఎం నొక్కి ప్లెయిన్ టెక్స్ట్ ఎంచుకోండి. వేగం వచ్చిందంటే కోడ్‌కు వేసే సింటాక్స్ రంగులైనా, ఏదో ఎక్స్‌టెన్షన్ అయినా కారణం. కమాండ్ పాలెట్‌లో (ఎడిటర్ ఆదేశాల జాబితా) స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ నడిపితే ప్రతిసారీ సగం ఆపుతూ పోతుంది, 30 ఎక్స్‌టెన్షన్లున్నా ఐదారు విడతల్లో దొంగ దొరుకుతుంది. ఫైలంతా ఒకే వరుసలో ఉన్నా ఇదే బాధ. రంగులు వేయడం 20,000 అక్షరాలు దాటిన వరుసకే ఆగుతుంది, అంతకు లోపున్నవన్నీ భారమే. ఫార్మాట్ డాక్యుమెంట్‌తో వరుసలు విడగొట్టండి. విడగొట్టకూడని ఫైలైతే మ్యాక్స్ టోకెనైజేషన్ లైన్ లెంగ్త్ సెట్టింగును 2,000కు దించండి.

ఊదా ఎక్కువై, తెలుగు వరుసల దగ్గరే తడబడుతుంటే అది మన లిపి సంగతి. కోడ్ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలన్నిటికీ ఒకే వెడల్పు కాబట్టి కర్సర్ ఎక్కడుండాలో ఎడిటర్ గుణించి చెప్పేస్తుంది. 'స్త్రీ' అలా కాదు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు కోడ్‌పాయింట్లు, అంటే కంప్యూటర్ దాచుకునే విడి సంకేతాలు. అక్షరాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ వాటిని ఫాంటులోని నియమాల ప్రకారం ఒక్క ముద్దగా కూర్చాలి, ఆ తర్వాత దాని వెడల్పు కొలవాలి. పైగా కోడ్ ఫాంట్లు చాలావాటిలో తెలుగు ఉండదు, సిస్టం మరో ఫాంటు వెతుక్కోవాలి.

ఈ వెతుకులాట తప్పించడానికి ఫాంట్ ఫ్యామిలీ సెట్టింగులో కోడ్ ఫాంటు తర్వాత కామా పెట్టి తెలుగు ఫాంటు పేరు రాయండి: విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, లినక్స్‌లో నోటో శాన్స్ తెలుగు. తర్వాత కమాండ్ పాలెట్‌లో రీలోడ్ విండో నడపండి. తెలుగు ఫాంటును ముందు పెట్టకండి, అందులో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటే కోడ్ నిలువు వరుసలు చెదురుతాయి.

ఆకుపచ్చ ఎక్కువై ఇంగ్లీషు ఫైలు కూడా ఈడుస్తుంటే గ్రాఫిక్స్ వైపు చూడాలి. లినక్స్‌లో గ్రాఫిక్స్ వివరాలు చూపే జీఎల్ఎక్స్ఇన్ఫో కమాండ్ ఎల్ఎల్‌వీఎంపైప్ అని చూపిస్తే గీతపని మొత్తం సీపీయూ మోస్తోందని అర్థం. సరైన డ్రైవర్ వేయండి. డ్రైవర్ ఉన్నా నెమ్మదైతే ఎడిటర్‌ను డిసేబుల్ జీపీయూ ఆప్షన్‌తో ఒకసారి తెరిచి చూడండి. అప్పుడు వేగం పెరిగిందంటే ఆ డ్రైవరే చెడ్డది. కొత్తది వచ్చేదాకా కమాండ్ పాలెట్‌లోని కాన్ఫిగర్ రన్‌టైమ్ ఆర్గ్యుమెంట్స్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి ఉంచండి.