ఏళ్ల తర్వాత మళ్లీ రిగ్ ఆన్ చేస్తే: సమస్యలు, పరిష్కారాలు

చాలాకాలం తర్వాత హామ్ రేడియో ముందు మళ్లీ కూర్చున్నప్పుడు ఏదీ సరిగ్గా పనిచేయకపోతే, చూపు ముందు కొత్త రిగ్ (సంకేతాలు పంపి, అందుకునే రేడియో సెట్టు) మీదికే పోతుంది. పదకొండేళ్ల విరామం తర్వాత నేనూ కొనేద్దామనే అనుకున్నాను. తీరా చూస్తే రిగ్ బాగానే ఉంది, చెడిపోయినవన్నీ దాని బయట ఉన్నాయి. అందుకే తనిఖీ యాంటెనా కొస నుంచి మొదలుపెట్టి లోపలికి రండి. అంతకంటే ముందు లైసెన్సు గడువు, కాల్‌సైన్ (లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేరు) చెల్లుబాటు చూసుకోండి. అవి తేలేదాకా వినడం వరకే.

ఎస్‌డబ్ల్యుఆర్ చక్కగా ఉంది, కానీ నా పిలుపు ఎవరికీ అందడం లేదు

ఇది అన్నిటికంటే మోసపు లక్షణం. ఎస్‌డబ్ల్యుఆర్ అంటే పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, మామూలుగా 1కి దగ్గరగా ఉంటే మేలు. ఒకప్పుడు 1.8 చూపించిన మీటరు ఇప్పుడు అన్ని బ్యాండ్లలోనూ 1.2 చూపిస్తుంటే సంతోషపడకండి, అనుమానించండి. రిగ్ నుంచి యాంటెనాకు వెళ్లే కోయాక్స్ కేబుల్‌లోకి నీరు దిగి ఉంటుంది. పంపిన పవర్ దారిలోనే వేడిగా మారిపోతుంది. యాంటెనా నుంచి తిరిగి రావాల్సిన కాస్తా అలాగే ఆవిరవుతుంది. వెనక్కి ఏమీ రాకపోతే మీటరుకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

కేబుల్‌ను యాంటెనా దగ్గర ఊడదీసి, ఆ కొసను ఖాళీగా వదిలేయండి. ఇవతలి కొసలో యాంటెనా అనలైజర్ (ఎస్‌డబ్ల్యుఆర్ కొలిచే పరికరం) పెట్టి కొలవండి. కేబుల్ మంచిదైతే ఎస్‌డబ్ల్యుఆర్ బాగా పైకి పోవాలి. 3 దగ్గర ఆగిపోయిందంటే కేబుల్‌లో 3 డెసిబెల్స్ నష్టం ఉన్నట్టు, అంటే యాంటెనాకు చేరేలోపే సగం పవర్ పోతున్నట్టు. కొస దగ్గర తొడుగు ఒలిచి చూడండి. రాగి అల్లిక నల్లబడినా పచ్చబడినా కేబుల్ మొత్తం మార్చాల్సిందే. ఒక అడుగు కోసేసి సరిపెట్టాలని నేనూ చూశాను. దీపం వత్తిలో నూనె పాకినట్టు నీరు అల్లిక వెంట చాలా దూరం పాకి ఉంది. కొత్త కేబుల్‌కు పీఎల్-259 కనెక్టర్ బిగించాక దాని మీద సాగదీస్తే తనలో తాను అతుక్కుపోయే రబ్బరు టేపు, ఆపైన మామూలు టేపు చుట్టండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ముందుగా కాస్త కిందికి వేలాడనివ్వండి, వాననీరు అక్కడే కారిపోతుంది.

ఏ బ్యాండు తిప్పినా ఎస్7 రొద

ఎస్7 అంటే రిగ్ మీది సిగ్నల్ మీటరు ఏ సంకేతం లేకుండానే 7 దాకా లేవడం. మీరు దూరంగా ఉన్న కాలంలో ఇంటి నిండా ఎల్‌ఈడీ దీపాలు, చార్జర్లు, రౌటర్లు, సోలార్ ఇన్వర్టర్లు వచ్చి చేరాయి. వాటి స్విచింగ్ సర్క్యూట్లే ఈ రొద చేస్తాయి. రిగ్‌ను 12 వోల్టుల బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ స్విచ్ ఆపేయండి. రొద పడిపోతే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. బ్రేకర్లు ఒక్కొక్కటే వేస్తూ పోతే ఏ గదిలోనో తెలుస్తుంది. దొరికిన అడాప్టర్‌ను మార్చేయడమే ఉత్తమం. మార్చలేకపోతే దాని తీగను మిక్స్ 31 రకం ఫెర్రైట్ రింగుకు చుట్టండి. ఒక్కసారి దూర్చి వదిలేస్తే 7 మెగాహెర్ట్జ్ దగ్గర పెద్దగా తేడా ఉండదు. అడ్డుకునే శక్తి చుట్ల సంఖ్యకు వర్గంగా పెరుగుతుంది, 5 చుట్లకు దాదాపు 25 రెట్లు. మెయిన్ ఆపినా రొద తగ్గకపోతే ఏఎం రేడియో పట్టుకుని బయట నడవండి, రొద పెరిగే వైపే దాని మూలం ఉంటుంది.

బ్యాండు నిర్జీవంగా ఉంది

ఇక్కడ రెండు కారణాలు కలిసిపోతాయి. మొదటిది సూర్యుడు. సూర్యుడి చురుకుదనం సుమారు 11 ఏళ్ల చక్రంలో పెరిగి తగ్గుతుంది, తగ్గినప్పుడు పై బ్యాండ్లు మూగబోతాయి. 2019 డిసెంబరు కనిష్ఠానికి దగ్గర్లో మానేసినవారికి 10 మీటర్ల (28 మెగాహెర్ట్జ్) బ్యాండు చచ్చిపోయిందన్న జ్ఞాపకమే మిగిలి ఉంటుంది. మళ్లీ విని చూడండి. 14.100 మెగాహెర్ట్జ్ మీద 18 అంతర్జాతీయ బీకన్లు (గుర్తు సంకేతాలు పంపే స్టేషన్లు) వంతులవారీగా, ఒక్కోటి 10 సెకన్లు, మోర్స్‌లో పలుకుతాయి. మూడు నిమిషాలు వింటే దారి ఎటు తెరిచి ఉందో తెలుస్తుంది. 28.200 మీదా అవే ఉంటాయి.

రెండోది మనుషులు చోటు మారడం. 2017లో వచ్చిన ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో సంకేతాలు పంపి చదివే డిజిటల్ పద్ధతి) చాలామందిని 14.074 మెగాహెర్ట్జ్ చుట్టూ చేర్చింది. నాకు మాటలే ఇష్టం, అయినా బ్యాండు బతికే ఉందా అని చూడటానికి దీన్ని మించిన సాధనం లేదు. తెర మీద సంకేతాలు కనిపిస్తున్నా ఒక్కటీ డీకోడ్ కాకపోతే ముందు కంప్యూటర్ గడియారం చూడండి. 15 సెకన్ల వంతుల పద్ధతి కనుక ఒకటి రెండు సెకన్ల తేడా కూడా చెడగొడుతుంది. ఇంటర్నెట్ సమయంతో సరిచేయండి. రిగ్ యూఎస్‌బీ (అప్పర్ సైడ్‌బ్యాండ్) మోడ్‌లో ఉండాలి.

వినికిడి మందగిస్తుంది, ఒకసారి ట్రాన్స్‌మిట్ చేస్తే బాగుపడుతుంది

యాంటెనాను వినడానికీ పంపడానికీ మార్చే రిలే కాంటాక్టుల మీద పొర పట్టింది. శుభ్రం చేయించండి, లేదా రిలే మార్చండి.

రిపీటర్ తెరుచుకోదు

రిపీటర్ అంటే మన సంకేతాన్ని అందుకుని మళ్లీ దూరానికి పంపే స్టేషన్. దాన్ని తెరిచే సీటీసీఎస్‌ఎస్ టోన్ (మాటతోపాటు వెళ్లే మంద్ర స్వరం) పెట్టి ఉండరు. స్థానిక హామ్‌లను అడిగితే ఏ టోనో చెబుతారు.

మోర్స్ అర్థం కావడం లేదు

అక్షరాలు గుర్తున్నాయి, వేగమే పోయింది. నెమ్మదిగా సాగదీసిన అక్షరాలతో మళ్లీ మొదలుపెట్టకండి, చుక్కలు గీతలు లెక్కపెట్టే అలవాటు తిరిగొస్తుంది. అక్షరాన్ని నిమిషానికి 18–20 పదాల వేగంతోనే వినండి, అక్షరాల మధ్య ఖాళీ మాత్రం పెంచండి. రోజుకు 15 నిమిషాలు చాలు. నాకు ఆరు వారాలు పట్టింది. మొదటి క్యూఎస్‌ఓలో (రేడియో సంభాషణలో) అవతలి వ్యక్తి పేరు రెండుసార్లు అడిగాను. ఆయన విసుక్కోలేదు, వేగం తగ్గించి మళ్లీ పంపారు. మీరూ 'క్యూఆర్‌ఎస్' (నెమ్మదిగా పంపండి) అని పంపి అడగండి.