గ్యాస్ గీజరు స్నానాల గది బయట ఉండాలి

దీపావళి నాడు తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ తలంటు పోసుకునే ఆనవాయితీని బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు మానలేదు. కె.ఆర్.పురం దగ్గర అద్దె ఇంట్లో ఉండే మా పిన్ని కూతురు కొన్నేళ్ల క్రితం అటువంటి ఉదయమే పిల్లలిద్దరికీ నూనె పెట్టి, నలుగు పిండితో రుద్ది, స్నానాలు చేయించింది. భర్త స్నానం కూడా అయ్యాక నాలుగో మనిషిగా తాను లోపలికి వెళ్లి గడియ వేసుకుంది. ఇరవై నిమిషాలైనా బయటికి రాకపోవడంతో తలుపు పగలగొట్టి చూస్తే నేల మీద పడి ఉంది. గోడ మీది గ్యాస్ గీజరు మాత్రం వెలుగుతూనే ఉంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదు కాబట్టి కళ్లు తిరిగి ఉంటాయని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన ప్రశ్న వేరు: "స్నానానికి నీళ్లు దేనితో కాచుకుంటారు?" ఆ ప్రశ్న వల్లనే ఆమెకు సరైన వైద్యం సమయానికి అందింది.

ఆమె పీల్చింది కార్బన్ మోనాక్సైడ్. ఈ వాయువుకు రంగు, వాసన, రుచి ఉండవు. వంటగ్యాసు లీకైతే మనకు తెలియాలని అందులో ఘాటైన వాసన గల రసాయనాన్ని కలుపుతారు. అయితే గ్యాసు మండిన తరువాత ఆ వాసన మిగలదు. అందుచేత "వాసనేమీ రావడం లేదు" అనే ధీమా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది కాబట్టి, ఊపిరి ఆడుతున్నట్టే ఉన్నా మెదడుకూ గుండెకూ ఆక్సిజన్ చేరదు.

గీజరు పాడైతేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. కొత్త గీజరు కూడా మూసిన గదిలో ప్రమాదమే, ఎందుకంటే ఒక కిలో వంటగ్యాసు పూర్తిగా మండడానికి సుమారు 12 ఘనమీటర్ల గాలి కావాలి. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న స్నానాల గదిలో పట్టే గాలి నాలుగున్నర ఘనమీటర్లే. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్లు కాచే గీజరు పూర్తి మంటతో గంటసేపు వెలిగితే కిలోకు కాస్త తక్కువగా గ్యాసు ఖర్చవుతుంది. అంటే పది నిమిషాల స్నానానికి ఆ గది గాలిలో మూడో వంతుకు పైగా మంటకే పోతుంది. గాలిలో ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుట్టుకొస్తుంది. మొదట స్నానం చేసినవారు క్షేమంగా బయటికి వచ్చారంటే గది క్షేమంగా ఉందని అర్థం కాదు. తలంటు రోజున ఒకరి వెంట ఒకరు వెళ్తున్నప్పుడు చివరి వారికి మిగిలేది అంతకుముందు అందరి స్నానాలకూ మండిన పొగ. డిసెంబరు, జనవరి నెలల్లో బెంగళూరులో రాత్రి ఉష్ణోగ్రత 15, 16 డిగ్రీలకు దిగుతుంది కాబట్టి చలిగాలి రాకుండా వెంటిలేటరుకు అట్టముక్కో ప్లాస్టిక్ షీటో అడ్డం పెట్టే అలవాటు ఈ ముప్పును మరింత పెంచుతుంది.

కాబట్టి చేయవలసిన మొదటి పని, మిగిలిన జాగ్రత్తలన్నిటి కంటే ముఖ్యమైన పని, గీజరును స్నానాల గదిలోంచి తీసివేయడం. బెంగళూరు ఇళ్లలో వంటింటి వెనుక బట్టలు ఉతుక్కునే చోటును యుటిలిటీ అంటారు. గ్రిల్లు మాత్రమే ఉండి గాలి ధారాళంగా ఆడే యుటిలిటీ గోడకు గీజరును బిగించి, అక్కడి నుంచి వేడినీళ్ల గొట్టాన్ని స్నానాల గదికి వేయించుకోవాలి. ఆ యుటిలిటీకి తరువాత అద్దాల కిటికీలు పెట్టి మూసేస్తే చేసిన పనంతా వృథా అవుతుంది. రెండు ఇళ్ల మధ్య ఉండే ఇరుకు డక్టులోకి పొగ వదలడం కూడా తప్పే, ఎందుకంటే పై అంతస్తు వారి వెంటిలేటర్లు అదే డక్టులోకి తెరుచుకుని ఉంటాయి. అద్దె ఇంట్లో ఉన్నవారు గోడకు రంధ్రం వేయడానికి ఓనరు ఒప్పుకోరేమోనని వెనకాడుతుంటారు. ప్రాణానికి సంబంధించిన విషయమని నేరుగా చెప్పి అడగండి, ఒప్పుకోకపోతే ఆ గీజరును వాడడం మానేసి కరెంటు గీజరుకు మారండి. మేడ మీద సోలార్ హీటరు ఉన్న ఇల్లు దొరికితే అంతకంటే మేలు లేదు.

గీజరును మార్చే వరకు ఒక పద్ధతిని కచ్చితంగా పాటించాలి. స్నానాల గది తలుపు బార్లా తెరిచి ఉంచి, బకెట్టు నింపుకొని, గీజరును ఆపి, సిలిండరు దగ్గర రెగ్యులేటరు కూడా కట్టేసి, కొన్ని నిమిషాలు గదిలో గాలి మారనిచ్చి, ఆ తరువాతే లోపలికి వెళ్లి తలుపు వేసుకోవాలి. మంట వెలుగుతుండగా షవరు కింద నిలబడకూడదు. తరువాతి మనిషికి నీళ్లు కావాలంటే మళ్లీ తలుపు తెరిచే కాచాలి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు: తలుపు కిందనో గోడ అడుగుననో గాలి లోపలికి రావడానికి దారి లేకపోతే ఆ ఫ్యాను గీజరు పొగగొట్టంలోని పొగనే వెనక్కి లాగి గదిలోకి తేగలదు. పిల్లలు, పెద్దవాళ్లు, గర్భిణులు లోపలి గడియ వేసుకోకుండా స్నానం చేయాలి.

కొత్త గీజరు కొనేటప్పుడు వంటగ్యాసు గీజర్లకు వర్తించే ఐఎస్ 15558 ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. గదిలో ఆక్సిజన్ తగ్గితే తనంతట తానే ఆరిపోయే ఏర్పాటు ఉన్న రకాన్ని ఎంచుకోండి, కానీ ఆ ఏర్పాటు ఉందని గీజరును మళ్లీ లోపల పెట్టవద్దు. సిలిండరు గ్యాసుకు తయారైన గీజరును పైపు గ్యాసుకు నేరుగా కలపకూడదు. రెండింటికీ జెట్లు, అంటే గ్యాసు బయటికి వచ్చే సన్నని రంధ్రాలు, వేరు. ఏడాదికోసారి, చలికాలానికి ముందే, కంపెనీ మెకానిక్ చేత బర్నరు జెట్లనూ, దాని పైన ఉండే రాగి రేకుల మధ్యనూ శుభ్రం చేయించాలి, ఎందుకంటే అక్కడ దుమ్ము, సాలెగూడు, మసి పేరుకుంటే పొగ పైకి పోయే దారి మూసుకుపోతుంది. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు మంట కనిపించినా, గీజరు పైభాగానో గోడకో మసి పట్టినా, వెలిగించగానే టప్పుమని శబ్దం వచ్చినా ఆ రోజే వాడకం ఆపండి.

వంటింట్లో గ్యాసు లీకును పసిగట్టే అలారం పెట్టించుకున్నవారు అది అన్నిటికీ చాలుననుకుంటారు. ఆ అలారం కార్బన్ మోనాక్సైడును గుర్తించదు. దానికి వేరే అలారం కావాలి. దాన్ని ఆవిరి తగిలే స్నానాల గదిలో కాక, దాని బయట, పడకగదికి వినిపించేంత దగ్గరలో పెట్టాలి. లోపలి సెన్సరుకు కాలపరిమితి ఉంటుంది కాబట్టి పెట్టె వెనుక రాసి ఉన్న తేదీని చూసి, గడువు దాటగానే కొత్తది కొనాలి.

బాలింత గది గురించి కూడా ఇక్కడే చెప్పాలి. పురుడు పోయడానికి అనంతపురం నుంచో కడప నుంచో వచ్చే అమ్మలు, అత్తలు బిడ్డకు సాంబ్రాణి పొగ వేయడానికీ, గది వెచ్చగా ఉండడానికీ బొగ్గుల కుంపటి పెడతారు. పల్లెలో పెంకుటిల్లు సందుల గుండా పోయే పొగ, కిటికీలు బిగించిన అపార్టుమెంటు గదిలోంచి పోదు. పొగ రాకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గులు కూడా ఈ వాయువును బాగా వదులుతాయి. పసిబిడ్డలు పెద్దల కంటే వేగంగా ఊపిరి తీస్తారు కనుక వారికి ముప్పు త్వరగా వస్తుంది. పెద్దల మనసు నొప్పించకుండా, కిటికీ, తలుపు తెరిచి రెండు నిమిషాల్లో ధూపం ముగించి కుంపటిని బయట పెట్టమని అడగండి. రాత్రి పడుకునే గదిలో మాత్రం కుంపటిని అసలు ఉంచనివ్వకండి.

తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ లేకపోవడం, మాట తడబడడం ఈ విషవాయువు లక్షణాలు. జ్వరం లేకుండా ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా అనిపించినా, బయటికి వెళ్లగానే తగ్గిపోతున్నా అనుమానించాలి. స్నానాల గదిలో ఎవరైనా పడిపోతే తలుపు తెరిచి, ఊపిరి బిగపట్టి వారిని వెంటనే ఆరుబయటికి లాగాలి. గ్యాసు కట్టేసి, 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. శ్వాస ఆడకపోతే సీపీఆర్ (ఛాతీ మధ్యలో చేతులతో గట్టిగా, వేగంగా నొక్కడం) మొదలుపెట్టాలి. మజ్జిగో నిమ్మరసమో తాగించి పడుకోబెట్టడం ప్రాణాంతకం కావచ్చు.

ఆసుపత్రిలో మీరే ముందుగా "గ్యాస్ గీజరు వెలుగుతుండగా స్నానం చేశారు" అని స్పష్టంగా చెప్పండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు ఈ వాయువును ఆక్సిజన్ నుంచి వేరు చేసి చూడలేదు కాబట్టి 98, 99 అని చూపించి అందరినీ పొరపాటుకు గురి చేయగలదు. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత ఉందో ప్రత్యేక పరీక్షతోనే తెలుస్తుంది. మామూలు గాలి పీలిస్తే ఆ వాయువు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. కోలుకుని ఇంటికి వచ్చిన తరువాత కూడా కొన్ని రోజులకో వారాలకో మతిమరుపు, నడకలో తేడా, ప్రవర్తనలో మార్పు కనిపించే అవకాశం ఉంది. మా పిన్ని కూతురు మూడు వారాల తరువాత పొయ్యి మీద పెట్టిన పాలగిన్నె సంగతి పదేపదే మరిచిపోవడం గమనించి ఆమె భర్త మళ్లీ న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకువెళ్లారు. మీ ఇంట్లోనూ అటువంటి మార్పు కనిపిస్తే అలసట అని సరిపెట్టుకోకుండా, జరిగిన సంగతి చెప్పి మళ్లీ చూపించండి.