డాక్టర్ రాసిచ్చిన 800 కేలరీల డైట్‌ను ప్రమాదం లేకుండా ఎలా పాటించాలి?

మా నాయన ఈ డైట్ మొదలుపెట్టిన అయిదో రోజు పొద్దున్నే కుళాయి దగ్గర వంగి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మి, గోడ పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. ఆకలికే అలా అయిందనుకున్నాం. బీపీ చూస్తే పైది 92 ఉంది. తిండి సగానికి పైగా తగ్గినా బీపీ మాత్ర మాత్రం ఎప్పటిలాగే పడుతోంది. డైట్ రాసిన డాక్టరుకు ఆ మాత్ర సంగతి మేమే చెప్పలేదు. వేరే డాక్టరు ఎప్పుడో రాసింది కదా, దీనికీ దానికీ ఏం సంబంధం అనుకున్నాం. తప్పు మాదే. అందుకే ఇక్కడ తిండి కంటే ముందు మాత్రల గురించి చెబుతాను.

అసలు ఈ డైట్ అంటే రోజంతా కలిపి 800 కేలరీలు, లేదా అంతకంటే తక్కువ. మా అనంతపురం లెక్కలో చెప్పాలంటే ఒక సంగటి ముద్ద, కాస్త నెయ్యి, ఊరిబిండి కలిస్తేనే 500 దాటిపోతాయి. బాగా లావున్నవాళ్లకు, ముఖ్యంగా షుగర్ కూడా ఉన్నవాళ్లకు, మామూలుగా 12 వారాలు మించకుండా రాస్తారు. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. అందులో టైప్ 2 షుగర్ వాళ్లకు 3 నుంచి 5 నెలల పాటు రోజుకు 825 నుంచి 853 కేలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 46 శాతం మందికి మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంది. ఈ మాట వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. వాళ్లను నర్సులు, డైటీషియన్లు దగ్గరుండి చూసుకున్నారన్న సంగతి మాత్రం తిరగదు.

1. మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి

చీటీ చాలదు, మాత్రల అట్టలే తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, నాటుమందులు, పసరు మందులు కూడా. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించి మందు తగ్గించకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రల తీరు వేరు. ఈ డైట్‌తో పాటు అవి వాడితే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదముంది. అప్పుడు మీటర్‌లో షుగర్ పెద్దగా పెరిగినట్టు కూడా కనిపించకపోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ మాత్రల్లో ఒంట్లో నీరు తీసేవి మరీ జాగ్రత్తగా చూసుకోవాలి. ఏది ఆపాలి, ఏది సగం చేయాలి, ఏ రోజు నుంచి అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. మీరుగా ఒక్కటి కూడా ఆపొద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు, ఈమధ్యే గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చినవాళ్లు, కిడ్నీ లేదా కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్లు ఈ డైట్ జోలికి వెళ్లకూడదు. పిత్తాశయంలో రాళ్లు, గౌట్ (యూరిక్ యాసిడ్ పెరిగి కీళ్లు వాచే జబ్బు) ఉంటే ముందే చెప్పండి. తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు సిగ్గుపడకుండా అదీ చెప్పాలి.

2. పరీక్షలు

కిడ్నీ, కాలేయం, సోడియం, పొటాషియం, యూరిక్ యాసిడ్, మూడు నెలల షుగర్, ఈసీజీ మామూలుగా రాస్తారు. బరువు, బీపీ ఆరోజే నోటుబుక్‌లో మొదటి పేజీలో రాసుకోండి.

3. ఏ డబ్బా తెచ్చుకోవాలి?

ఎక్కువగా భోజనానికి బదులు కలుపుకుని తాగే పొడి పొట్లాలు రాస్తారు. ఒక్కోటి సుమారు 200 కేలరీలు, రోజుకు నాలుగు. రోజుకు కావలసిన మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజాలు ఆ నాలుగింటిలో ఉండేట్టు కలుపుతారు. జిమ్ దగ్గర అమ్మే ప్రోటీన్ పొడి చవకగా వస్తుందని దాన్ని తెచ్చుకుంటే మోసపోతారు. దాంట్లో మిగతావి ఉండవు. 1970లలో అమెరికాలో నాసిరకం ద్రవ ప్రోటీన్ మీదే నెలల తరబడి బతికినవాళ్లలో కొందరు గుండె లయ తప్పి చనిపోయారు. డాక్టరు ఏ పొడి రాస్తే అదే తెచ్చుకోండి. పాలతో కలపమన్నారా, నీళ్లతోనా అన్నదీ అడగండి. పాలతో అయితే కేలరీలు పెరుగుతాయి.

ఇంటి తిండితోనే చేయిస్తే డైటీషియన్ కొలతలిస్తారు. అప్పుడు వంటింట్లో తూకం మిషన్ ఉండాల్సిందే. మనం కంటితో చూసి పోసే నూనె ఒక్క పెద్ద చెంచాకే 120 కేలరీలు. గుప్పెడు చెనిక్కాయలు 170.

4. మొదటి వారం

మూడు నాలుగు రోజులు తలనొప్పి, చిరాకు, నీరసం ఉంటాయి. ఆ తర్వాత చాలామందికి ఆకలి తగ్గుతుంది. నోరు ఒక రకమైన వాసన కొడుతుంది. ఒళ్లు కొవ్వును కరిగించుకుంటున్నప్పుడు వచ్చే వాసన అది, భయపడక్కర్లేదు. ఈ వారంలో ఎండలో పొలం పని, బరువులెత్తడం, ఒంటరిగా బండి మీద దూరప్రయాణం పెట్టుకోవద్దు. పడుకుని లేచేటప్పుడు నిమిషం పాటు మంచం అంచున కూర్చుని లేవండి.

కిడ్నీ, గుండె జబ్బుల వల్ల నీళ్లు తగ్గించమని చెప్పి ఉంటే తప్ప, రోజుకు రెండు లీటర్ల పైనే తాగాలి. సీమ ఎండల్లో అది కూడా చాలదు. వీలైతే మార్చి నుంచి మే దాకా ఈ డైట్ మొదలుపెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. మేం ఉగాది ముందు మొదలుపెట్టి చాలా అవస్థ పడ్డాం. పల్చటి మజ్జిగలో ఉప్పు వేసుకోవచ్చా అన్నది బీపీని బట్టి డాక్టరే చెప్పాలి. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది. ఇసబ్‌గోల్ గురించి ముందే అడిగి పెట్టుకోండి.

5. ఒక్కపొద్దులు, పెళ్లిళ్లు

మా నాయనకు శనివారం ఒక్కపొద్దు అలవాటు. డైట్‌లో కూడా ఉంటానని పట్టుబట్టి రెండు పొట్లాలు మానేశాడు. ఇది తప్పు. ఉన్నదే 800, అందులో సగం మానేస్తే కండ కరుగుతుంది, ఖనిజాలు పడిపోతాయి. రంజాన్ ఉపవాసాలకూ ఇదే మాట వర్తిస్తుంది. అవి అయ్యాక మొదలుపెట్టండి, లేదా డాక్టరును అడగండి.

చుట్టాల బలవంతం ఇంకో బాధ. "ఒక్క పూటకు ఏమైతాదిలేప్పా, ఒక ఓళిగ తిను" అంటారు. షుగర్ మాత్రలు మార్చి ఉన్న మనిషి ఓళిగ తింటే ఏమవుతుందో వాళ్లకు తెలియదు. ఇంట్లోవాళ్లే ముందుకొచ్చి "డాక్టరు వద్దన్నాడు మామా" అని చెప్పాలి. మనిషిని ఒంటరిగా వదిలేస్తే మొహమాటానికి తింటాడు. మేం ఆ మూడు నెలలూ ఇంట్లో ఉగ్గాని, బజ్జీ చేయడమే మానేశాం. ఎదురుగా కూర్చుని తింటూ నువ్వు మాత్రం తినకు అంటే ఏం బాగుంటుంది?

6. ఎప్పుడు పరుగెత్తాలి?

చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి మీటర్‌లో షుగర్ 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. ఇక్కడ డైట్ చెడిపోతుందన్న ఆలోచనే వద్దు. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా అంతే.

కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టి భుజానికి పాకితే, వాంతులు, జ్వరం తోడైతే పిత్తాశయంలో రాయి కావచ్చు. బరువు వేగంగా తగ్గేవాళ్లలో ఇది ఎక్కువ. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకండి. జుట్టు రాలడం మాత్రం ఎక్కువగా కొన్ని నెలలకు సర్దుకుంటుంది.

7. మళ్లీ అన్నం మొదలుపెట్టడం

12 వారాల్లో మా నాయన 13 కిలోలు తగ్గాడు. ఆఖరి రోజు అమ్మ నాటుకోడి పులుసు చేస్తానంది. నేనే వద్దన్నాను. అన్ని రోజులు తక్కువ కొవ్వుతో ఉన్నాక ఒక్కసారిగా నూనె తిండి తింటే పిత్తాశయం నొప్పి వచ్చే అవకాశముంది. పొట్లాలను ఒక్కొక్కటిగా తీసేస్తూ నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో పూర్తి తిండికి రావాలి. మేం ముందు రాత్రి పొట్లం తీసేసి ఉడికిన గుడ్డు, ఆకుకూర, అర ముద్ద సంగటి పెట్టాం. రెండు వారాలయ్యాక మధ్యాహ్నం. తిండి పెరిగేకొద్దీ మాత్రల లెక్క మళ్లీ మారవచ్చు, కాబట్టి ఈ దశలో కూడా డాక్టరు దగ్గరికి వెళ్లడం మానొద్దు.

షుగర్ మామూలుగా వచ్చినా కళ్లు, పాదాలు, కిడ్నీ పరీక్షలు ఏటా చేయించాలి. మా నాయన ప్రతి సోమవారం పొద్దున బరువు చూసుకుని క్యాలెండర్ మీద రాస్తాడు. రెండు కిలోలు పెరిగితే ఫోన్ చేయమని డాక్టరు చెప్పారు. సంక్రాంతి తర్వాత ఒకసారి చేయాల్సి వచ్చింది.