పాత మదర్‌బోర్డుకు చిలుము పడితె

పొయిన వానకాలం ఒక పిలగాడు 386 అనే పాతకాలపు కంప్యూటర్ డబ్బా భుజం మీద పెట్టుకొని హన్మకొండల మా దుకాణానికి వచ్చిండు. వాళ్ల నాయిన టైపు సెంటర్‌ల వాడిందట, ఇరవయ్యేండ్లు సజ్జ మీదనే ఉన్నది. "కాకా, లేస్తదా?" అన్నడు. మూత తీసి చూసిన. కీబోర్డు సాకెట్ పక్కన చిన్న పీపా లెక్క నీలం బ్యాటరీ (కంప్యూటర్ ఆపినా టైము, సెట్టింగులు పోకుంట కాపాడేది), దాని చుట్టు రాగిచెంబుకు పట్టినట్టు పచ్చటి చిలుము.

286, 386, 486 బోర్డుల మీద ఎక్కువ ఉండేది గీ నికెల్ క్యాడ్మియం బ్యాటరీనే, 3.6 వోల్టులు. కారకున్నా సరే, కనవడంగనే కత్తిరించి తీసెయ్యాలె. క్యాడ్మియం విషం. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు ఉండాలె, ఆ పొడిని నోటితోని ఊదొద్దు.

ఇగ అందరు తప్పు చేసేది ఈడనే. నేనూ చేసిన. ఇన్వర్టర్ బ్యాటరీ టెర్మినల్‌కు వంటసోడా రుద్దినట్టు మొదట్ల ఒక బోర్డుకు రుద్దిన. నెల తిరగకముందే మల్ల పచ్చగైంది. ఇన్వర్టర్‌ల ఉండేది యాసిడ్, దీన్ల నుంచి కారేది క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్. దీనికి కావాల్సింది పులుపు. చింతపండుతోని చెంబు తోమినట్టే, కాని చింతపండు గుజ్జు బోర్డు మీద మిగిలిపోతది. తెల్ల సిర్కా (వెనిగర్) మంచిది. పొడి బ్రష్‌తోని దులిపి, ఇయర్‌బడ్‌ను సిర్కాల ముంచి అద్దితె సన్నగ బుసబుస పొంగుతది. పొంగుడు ఆగేదాక అద్దాలె. తర్వాత ఇన్వర్టర్‌ల పోసే డిస్టిల్డ్ వాటర్‌తోని కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టి, ఒకరోజు ఆరనియ్యాలె.

అప్పుడు అసలు దెబ్బ కనవడ్తది. చిలుము పట్టిన టంకం బూడిద రంగుల ఉంటది, టంకం పెట్టే ఐరన్ ఆనిచ్చినా కరగదు. తొందరపడి గట్టిగ నొక్కితె టంకం అతికే రాగి ప్యాడ్ లేచొస్తది. టంకం మంచిగ పట్టేటందుకు ఫ్లక్స్ పూసి, కొత్త టంకం కలిపితె పాతది దాంతోని కరుగుతది, అప్పుడు టంకం సక్కర్‌తోని పీల్చెయ్యాలె. బోర్డు ఆకుపచ్చ పూత కింద కరెంటు పొయ్యే రాగిగీత నల్లవడ్తె, దాన్ని బ్లేడుతోని మెల్లగ గీకాలె. రాగి మెరిస్తె బతికినట్టే, టంకం పూసి వదిలెయ్యొచ్చు. పొడి రాలితె గీత తెగినట్టే. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి ఒక్కొక్క గీత ఈ కొస నుంచి ఆ కొస దాక చూడాలె. బోర్డు అటుపక్కకు పొయ్యే సన్న రంధ్రాలను మాత్రం మర్వొద్దు, పైకి మంచిగనే కనవడి లోపల తెగి ఉంటయి.

ఈ బోర్డుల కీబోర్డు సాకెట్ నుంచి పొయ్యే గీతలు రెండు తెగినయి. సన్న ఎనామిల్ వైరుతోని అతికిచ్చిన. దాంతోని కంప్యూటర్ లేపినప్పుడు వచ్చే కీబోర్డు ఎర్రర్ పోయింది.

కొత్త బ్యాటరీ బోర్డు మీద పెట్టొద్దు. పెన్‌సెల్లులు మూడు హోల్డర్‌ల పెట్టి, పాత బ్యాటరీ ప్లస్ ఉన్నకాడికి కరెంటును ఒకదిక్కే పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ మీదుగ వైరు గుంజాలె. డయోడ్ ఒంటి మీదున్న పట్టీ బోర్డు దిక్కుండాలె. లేకుంటె బోర్డు ఆ సెల్లులను చార్జ్ చేయవోతది, అవి పలుగుతయి. కొన్ని బోర్డులకు బయటి బ్యాటరీకని నాలుగు పిన్నులుంటయి, ఉంటె అండ్లనే పెట్టుడు నయం. హోల్డర్‌ను డబ్బా అడుగున అతికిచ్చి, సెల్లుల మీద ఆనాటి తారీకు పెన్నుతోని రాసిచ్చిన. ఏడాదికొకసారి మార్చుమని పిలగానికి చెప్పిన.